ప్రయాణంలో చార్జింగ్ ఆగకుండా, గ్యాడ్జెట్లు పాడవకుండా: హైదరాబాద్ నుంచి బయల్దేరేవారికి సమగ్ర మార్గదర్శి

పవర్‌బ్యాంక్ ఎన్ని ఎంఏహెచ్‌ది కొనాలని చాలామంది అడుగుతుంటారు. దానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ ప్రయాణంలో ప్లగ్ దొరకని సమయం వరుసగా ఎన్ని గంటలు? వారం రోజుల టూరైనా రోజూ రాత్రి హోటల్‌కు చేరేవారికి చిన్న పవర్‌బ్యాంక్ చాలు. ఒక్క రాత్రి ప్రయాణమే అయినా స్లీపర్‌లో పై బెర్తు దొరికినవారికి పెద్దది కావాలి.

రెండో సంగతి. చార్జర్, కేబుల్, ఫోన్ మూడింట్లో దేని సామర్థ్యం తక్కువో చార్జింగ్ ఆ వేగంతోనే సాగుతుంది. చార్జింగ్ నెమ్మదైతే ఎక్కువమంది పవర్‌బ్యాంక్‌ను తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు లోపం కేబుల్‌లోనే ఉంటుంది.

## 1. ముందు కాగితం మీద లెక్క

ఎంఏహెచ్‌ను 1000తో భాగించి బ్యాటరీ వోల్టేజీతో గుణిస్తే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే శక్తి, వస్తాయి. విమానాశ్రయంలో అడిగేదీ ఈ అంకెనే.

సుమారు లెక్కలు ఇవి:

- 5000 ఎంఏహెచ్ ఫోన్: 19 వాట్ అవర్లు
- ట్యాబ్: 28 నుంచి 32
- ల్యాప్‌టాప్: 50 నుంచి 60
- స్మార్ట్‌వాచ్, ఇయర్‌బడ్స్ కేసు: ఒక్కోటి 1 నుంచి 2
- కెమెరా బ్యాటరీ: 8 నుంచి 16

పవర్‌బ్యాంక్‌లో సెల్ వోల్టేజీ 3.7. కాబట్టి 10,000 ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లు, 20,000 అంటే 74. ఇందులో కనీసం 15 శాతం వేడి రూపంలో పోతుంది. చేతికొచ్చేది 10,000 దాంట్లో సుమారు 31, 20,000 దాంట్లో 62. అంటే చిన్నది ఫోన్‌ను ఒకటిన్నర సార్లు, పెద్దది మూడు సార్లు నింపుతుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 10,000 అని, కింద చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ ఆరు వేల చిల్లర అని కనిపిస్తే మోసమనుకోకండి. మొదటిది సెల్‌లో ఉన్నది, రెండోది 5 వోల్టులకు మార్చాక బయటికొచ్చేది. రెండూ నిజమే. ఆ చిన్న అంకె అసలు వేయని కంపెనీనే అనుమానించాలి.

ఉదాహరణకు, దంపతులు సాయంత్రం రైల్లో తిరుపతి బయల్దేరారు. ప్లగ్ ఖాయంగా దొరుకుతుందని చెప్పలేని సమయం సుమారు 12 గంటలు. రెండు ఫోన్లను చెరోసారి నింపాలంటే 38 వాట్ అవర్లు కావాలి. ఒక 10,000 పవర్‌బ్యాంక్ కొంచెం తక్కువవుతుంది, రెండైతే హాయి. ఒక 20,000 కన్నా రెండు 10,000వి మేలని మా అభిప్రాయం. చెరో సంచిలో పెట్టుకోవచ్చు, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది, ఇద్దరూ ఒకే వైరు దగ్గర కూర్చోనక్కర్లేదు. తిరుమల ఆలయంలోకి ఫోన్లు అనుమతించరు, ముందే అప్పగించాలి. కాబట్టి మిగతా ఎలక్ట్రానిక్స్ గదిలోనే వదిలి వెళ్లండి.

## 2. పవర్‌బ్యాంక్ ఎంపిక

కొనేముందు వరుసగా చూడాల్సినవి:

- వాట్ అవర్ల అంకె పవర్‌బ్యాంక్ ఒంటి మీదే ముద్రించి ఉందా? పెట్టె మీద ఉంటే లాభం లేదు.
- బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఐఎస్’తో మొదలయ్యే ప్రమాణం సంఖ్య, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? ఆ నంబరును షాపులోనే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు సరిపోవాలి.
- ఔట్‌పుట్: ఫోన్లకే అయితే 20 నుంచి 30 వాట్లు. ల్యాప్‌టాప్‌కూ కావాలంటే 65 వాట్లు.
- ఇన్‌పుట్: దీన్ని ఎవరూ చూడరు, ఇబ్బంది పెట్టేదీ ఇదే. 20,000 పవర్‌బ్యాంక్ 10 వాట్లే తీసుకుంటే నిండడానికి దాదాపు 9 గంటలు. 18 వాట్లకు సుమారు 5, 30 వాట్లకు 3 గంటలు. రాత్రి ఆలస్యంగా గదికి చేరి తెల్లవారకముందే బయల్దేరేవారికి ఈ తేడా ప్రాణం.
- తక్కువ కరెంటు మోడ్: ఇయర్‌బడ్స్, వాచీలు చాలా కొంచెం కరెంటే లాగుతాయి. ఏమీ తగిలించలేదనుకుని పవర్‌బ్యాంక్ ఆగిపోతుంది. చాలా మోడళ్లలో బటన్ రెండుసార్లు నొక్కితే ఈ మోడ్ వస్తుంది. మాన్యువల్‌లో చూడండి.

ఫుట్‌పాత్ మీద 50,000 ఎంఏహెచ్ అంటూ అమ్మేవాటిని చేత్తో తూచితేనే గుట్టు తెలుస్తుంది. అసలైన 20,000 పవర్‌బ్యాంక్ 340 నుంచి 450 గ్రాములు ఉంటుంది, 10,000 అయితే 200 గ్రాముల అటూఇటూ. 20,000 అని రాసి 250 గ్రాములైనా తూగకపోతే లోపల అన్ని సెల్స్ లేవన్నమాట. కొన్నింటిలో బరువు కోసం ఇసుక కూడా నింపుతారు, అందుకే బరువు సరిపోయినా బీఐఎస్ నంబరు చూడటం మానొద్దు.

ఫోన్ వెనక అంటుకునే వైర్‌లెస్ రకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. శక్తి ఎక్కువ వృథా, వేడీ ఎక్కువ. మన ఎండలకు దాన్ని రెండో పవర్‌బ్యాంక్‌గా తప్ప మొదటిదిగా కొనొద్దు.

## 3. చార్జర్, కేబుల్

ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్ అన్నీ టైప్-సి అయితే 65 వాట్ల గ్యాన్ (గాలియం నైట్రైడ్‌తో చేసిన చిన్నపాటి) చార్జర్ ఒకటి చాలు. రెండు పోర్టులది తీసుకోండి. అయితే ఒకటి గుర్తుండాలి: రెండో పోర్టులో ఏదైనా గుచ్చగానే 65 వాట్లు 45, 20గా చీలిపోతాయి. ఎలా చీలేదీ చార్జర్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చీలే క్షణంలో మొదటి పరికరానికి కరెంటు ఒక్కసారి ఆగి మళ్లీ వస్తుంది. అది లోపం కాదు.

కేబుళ్ల విషయంలో:

- రెండు కొసలూ టైప్-సి ఉన్న మామూలు కేబుల్ 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల దాకే మోస్తుంది. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. అందులో సామర్థ్యం చెప్పే చిన్న చిప్ ఉంటుంది.
- శాంసంగ్ 45 వాట్ల చార్జింగ్ అందాలంటే 5 ఆంపియర్ల కేబుల్ తప్పనిసరి. ‘పీపీఎస్’ (ఫోన్ అడిగినంత వోల్టేజీని కొద్దికొద్దిగా సర్దే పద్ధతి) ఉన్న చార్జర్ కూడా ఉండాలి.
- వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్ల అత్యంత వేగవంతమైన చార్జింగ్ వాటి సొంత పద్ధతి. సొంత చార్జర్, సొంత కేబుల్ ఉంటేనే ఆ వేగం. వేరేదానితోనూ ఎక్కుతుంది గానీ నెమ్మదిగా.
- పాత వెడల్పాటి యూఎస్‌బీ మూతి నుంచి టైప్-సికి వచ్చే కేబుల్‌తో పవర్ డెలివరీ (టైప్-సిలో ఎక్కువ వాట్లు అందించే పద్ధతి) పని చేయదు. ల్యాప్‌టాప్ దాంతో చార్జ్ అవ్వదు.
- ఐఫోన్ 14 దాకా లైట్నింగ్, 15 నుంచి టైప్-సి. ఇంట్లో రెండు రకాలూ ఉంటే కేబుళ్లూ రెండు రకాలు సర్దాలి.

పొడవు: రైలుకు, హోటల్‌కు 1.5 నుంచి 2 మీటర్లది ఒకటి, పవర్‌బ్యాంక్‌కు జానెడు కేబుల్ ఒకటి. సన్నటి పొడవాటి చవక కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ వేగం తగ్గించేసుకుంటుంది.

ట్రిమ్మర్, పాత బ్లూటూత్ స్పీకర్ లాంటివి ఇంకా మైక్రో యూఎస్‌బీతోనే ఉంటే ప్రత్యేకంగా కేబుల్ మోయక్కర్లేదు. టైప్-సి కొసకు తొడిగే చిన్న మూతి దొరుకుతుంది.

## 4. కొనేచోట పరీక్ష

అబిడ్స్ జగదీశ్ మార్కెట్, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ, కోఠి గుజరాతీ గల్లీ. ఈ మూడుచోట్లా అసలువీ దొరుకుతాయి, అచ్చం వాటిలాంటి నకిలీలూ దొరుకుతాయి. కాబట్టి పరీక్ష మీ చేతిలోనే ఉండాలి.

1. ఫోన్ చార్జ్ 50 శాతం లోపు ఉన్నప్పుడే షాపుకెళ్లండి. 80 దాటాక ఏ ఫోనైనా వేగం తానే తగ్గించుకుంటుంది, పరీక్ష తేలదు.
2. చార్జర్, కేబుల్ రెండూ పెట్టించి తెర మీద ‘ఫాస్ట్ చార్జింగ్’ మాట వస్తుందో లేదో చూడండి.
3. వోల్టులు, ఆంపియర్లు చూపే చిన్న యూఎస్‌బీ టెస్టర్ షాపులో ఉంటే పెట్టమనండి. రెండు అంకెల్ని గుణిస్తే వాట్లు.
4. కేబుల్‌ను మూతి దగ్గర మెల్లగా అటూఇటూ ఆడించండి. చార్జింగ్ తెగి వస్తుంటే వద్దు.
5. బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి. ‘బిల్లు లేకుండా యాభై తగ్గిస్తా’ అనే బేరంలో పోయేది మీ వారంటీ.

## 5. బయల్దేరే ముందు రోజు

ఈ వరుస మార్చొద్దు.

1. ఉదయమే పవర్‌బ్యాంకులను చార్జింగ్‌కు పెట్టండి. సాయంత్రం గుర్తొస్తే నిండదు.
2. ఫోన్ ఆపి పోర్టులో దుమ్ము తీయండి. చెక్క టూత్‌పిక్ గానీ మెత్తటి బ్రష్ గానీ వాడండి. పిన్నీసు, సూది వద్దు, లోపలి పిన్నులు వంగుతాయి.
3. సర్దబోయే ప్రతి కేబుల్‌నూ, ప్రతి చార్జర్‌నూ ఒక్కసారి గుచ్చి చూడండి.
4. డయల్ చేసేచోట *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్లు (ఫోన్ గుర్తింపు సంఖ్యలు) కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించడానికి ఇవే అడుగుతారు.
5. ఫొటోలు బ్యాకప్ చేయండి. టికెట్లు, మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. నల్లమలలోనో అరకు ఘాట్‌లోనో సిగ్నల్ వెతుక్కునే ఫోన్ బ్యాటరీని గుటగుటా తాగేస్తుంది.
6. విడి కెమెరా బ్యాటరీలకు మూతలు పెట్టండి. మూత లేకపోతే లోహపు పట్టీల మీద టేపు అంటించండి. తాళాలు, చిల్లర ఉన్న అరలో వేయొద్దు, షార్ట్ అవుతాయి.
7. చార్జర్ల మీద టేపు అంటించి పేరు రాయండి. పెళ్లి బృందంతో వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం, తెల్లచార్జర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి.

## 6. రైల్లో, బస్సులో

చాలా కోచ్‌లలో మొబైల్ చార్జింగ్ సాకెట్‌లో వచ్చేది 110 వోల్టులు. చార్జర్ మీద ‘100–240’ అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఈ పాయింట్లకు కరెంటు ఆపేసే పద్ధతి ఉంది. బండి ఎక్కగానే చార్జింగ్ మొదలుపెట్టాలి, పడుకునేటప్పుడు పెట్టుకుందాం అనుకుంటే ఉదయానికి ఫోన్ పది శాతం మీద ఉంటుంది.

సాకెట్లు అరిగిపోయి వదులుగా ఉంటాయి. బరువైన 65 వాట్ల చార్జర్ జారిపడుతుంది. రైలుకు తేలికైన 20 వాట్లది ఒకటి అదనంగా పెట్టుకోండి.

అన్నిటికన్నా పనికొచ్చే పద్ధతి ఇది: కోచ్ సాకెట్‌కు పవర్‌బ్యాంక్‌ను తగిలించండి, ఫోన్‌ను చేతిలోనే ఉంచుకోండి. సాకెట్ దగ్గర వేలాడే ఫోన్ స్టేషన్ రాగానే మాయమయ్యే అవకాశం ఎక్కువ. పవర్‌బ్యాంక్ పోయినా నష్టం తక్కువ. చార్జ్ అవుతున్నదేదీ దిండు కింద, దుప్పటి లోపల పెట్టొద్దు.

కోచ్ సాకెట్‌లో కెటిల్ పెట్టడం నిషేధం. ఆ సాకెట్ అంత కరెంటు మోయలేదు కూడా.

బస్సుల్లో యూఎస్‌బీ పాయింటు ఉంటే ఉంటుంది, ఉన్నా సాధారణంగా 5 వాట్లే ఇస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

స్టేషన్లలో, ఎంజీబీఎస్ లాంటి బస్టాండ్లలో గోడకున్న యూఎస్‌బీ రంధ్రాల్లో నేరుగా కేబుల్ గుచ్చొద్దు, ఫోన్‌లోని సమాచారం చోరీ అయ్యే ప్రమాదం ఉంటుంది. సొంత చార్జర్‌ను మామూలు ప్లగ్‌లో పెట్టుకోండి. తప్పనిసరైతే ఫోన్ అడిగినప్పుడు ‘చార్జింగ్ మాత్రమే’ అన్నదే ఎంచుకోండి.

## 7. విమానంలో

- పవర్‌బ్యాంక్, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే. చెక్-ఇన్ బ్యాగులో పెడితే శంషాబాద్‌లో బ్యాగు తెరిపిస్తారు.
- 100 వాట్ అవర్ల లోపు ముందస్తు అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే 74, ఇబ్బంది లేదు. 27,000 అంటే దాదాపు 100, అదే హద్దు.
- 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 30,000 ఎంఏహెచ్ (111) ఇందులోకి వస్తుంది. 160 దాటితే అసలు కుదరదు.
- అంకెలు చెరిగిపోయిన పవర్‌బ్యాంక్‌ను తీసేసుకునే అవకాశం ఉంది. అరిగేలా ఉంటే దాని మీద పారదర్శక టేపు వేయండి.
- విమానంలో పవర్‌బ్యాంక్ పెట్టి ఫోన్ చార్జ్ చేయొద్దు, పై అరలో పెట్టొద్దు. ముందు సీటు జేబులో, కళ్లెదుట ఉంచండి. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఒక్కొక్కరికి 100 వాట్ అవర్ల లోపు ఒక్క పవర్‌బ్యాంకే అనుమతిస్తోంది, విమానంలో వాడనివ్వదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా 2025 ఏప్రిల్ 1 నుంచి వాడకం ఆపేసింది. ఎమిరేట్స్‌లో గల్ఫ్‌కు వెళ్లేవారు ఒక్కొక్కరి దగ్గర ఒకటే ఉండేలా చూసుకోవాలి.

ఒక చిక్కు: విమానం నిండితే గేటు దగ్గర చేతి సంచిని కిందికి పంపిస్తారు. ఆ కంగారులో పవర్‌బ్యాంక్ తీయడం మరిచిపోతారు. అందుకే పవర్‌బ్యాంకులు, బ్యాటరీలు ఒకే చిన్న పర్సులో పెట్టి సంచి పై అరలో ఉంచండి, ఒక్కసారి లాగితే బయటికి రావాలి.

## 8. కారులో

12 వోల్టుల సాకెట్‌కు 30 వాట్ల పవర్ డెలివరీ చార్జర్ పెట్టుకోండి. కారు సొంత యూఎస్‌బీతో మ్యాప్ నడుస్తుంటే చాలాసార్లు చార్జ్ పెరగదు, తరుగుతుంది. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా సాకెట్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది. రాత్రికి పీకేయండి.

మే నెలలో కారు ఎండలో నిలిపితే పవర్‌బ్యాంక్‌ను లోపల వదలొద్దు. డ్యాష్‌బోర్డు మీద అసలే వద్దు.

## 9. హోటల్, లాడ్జి గదిలో

కార్డు తీయగానే గదిలో కరెంటు పోయే హోటళ్లలో, బయటికెళ్తూ చార్జింగ్ పెట్టి మోసపోతారు. చిన్న ఫ్రిజ్‌కున్న సాకెట్‌కు మాత్రం చాలాచోట్ల కరెంటు ఆగదు. అక్కడ ఖాళీ ఉందేమో చూడండి.

సర్జ్ రక్షణ (కరెంటు ఒక్కసారిగా ఎగిసినా పరికరాలను కాపాడేది) ఉన్న చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంటే మంచిది. ఎర్త్ లేని సాకెట్‌లో దాని రక్షణ పూర్తిగా అందదు. జనరేటర్ మీద నడిచే చిన్న ఊళ్ల లాడ్జిల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే వేళ ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి, రెండు నిమిషాలాగి పెట్టండి.

అన్ని చార్జర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్‌కు పెట్టండి. మంచం పక్కనొకటి, బాత్రూం అద్దం దగ్గరొకటి పెడితే ఖాళీ చేసేటప్పుడు ఒకటి అక్కడే మిగిలిపోతుంది.

## 10. విదేశాలకైతే

- దుబాయ్, ఖతార్, కువైట్, ఒమన్, బ్రిటన్, సింగపూర్, మలేషియా: మూడు దీర్ఘచతురస్రపు పిన్నులు.
- అమెరికా, కెనడా: రెండు చదును పిన్నులు, 120 వోల్టులు. జపాన్‌లోనూ ఇవే పిన్నులు, 100 వోల్టులు.
- యూరప్‌లో ఎక్కువ దేశాలు: రెండు గుండ్రటి పిన్నులు. మన సన్నపిన్నుల ఫోన్ చార్జర్ చాలావరకు నేరుగా పడుతుంది, మూడు పిన్నుల ప్లగ్ పట్టదు.
- ఆస్ట్రేలియా: ఏటవాలు చదును పిన్నులు.

అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. చార్జర్లకు దిగుల్లేదు. మన 230 వోల్టుల ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ అమెరికాలో సుమారు పావు వంతు వేడే ఇస్తాయి, మిక్సీ సరిగా నడవదు. పిల్లల దగ్గరికి మిక్సీ తీసుకెళ్లేవారు ఇక్కడే అమ్మే 110 వోల్టుల మోడల్ అడిగి కొనాలి.

అన్ని దేశాలకూ పనికొచ్చే అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ తాకితే చిరుచిరుగా జిల్లుమనేది అందుకే. ల్యాప్‌టాప్‌కు ఆ దేశపు ఎర్త్ ఉన్న అడాప్టర్ విడిగా కొనండి. అడాప్టర్‌లో ఫ్యూజు ఉంటే అదే ఆంపియర్లది అదనంగా ఒకటి వెంట ఉంచుకోండి.

## 11. వాన, చలి

ఫోన్ మీద ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకునే స్థాయి) అని ఉన్నా ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. విశాఖ, గోవా సముద్రపు నీళ్లకు అది వర్తించదు. ఉప్పునీళ్లు పడితే మంచినీళ్లతో తడిపిన బట్టతో తుడిచి ఆరనివ్వండి.

ఆషాఢం, శ్రావణంలో వెళ్లేవారు మందపాటి జిప్‌లాక్ కవర్లు నాలుగు, సిలికా జెల్ పొట్లాలు కొన్ని సంచిలో వేసుకోండి.

సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. లద్దాఖ్ వెళ్లేవారు రాత్రి పవర్‌బ్యాంక్‌ను దుస్తుల మధ్య ఉంచి, ఒంటి వెచ్చదనానికి వచ్చాకే తగిలించాలి.

## 12. తరచూ వచ్చే చిక్కులు

చార్జ్ ఎక్కుతోంది, చాలా నెమ్మదిగా. ముందు కేబుల్ మార్చండి, తర్వాత పోర్టు, చివరగా చార్జర్. ఒక్కసారికి ఒక్కటే మార్చితే దోషం ఎక్కడో తెలుస్తుంది. ఫోన్ వేడెక్కినా వేగం తగ్గుతుంది. కవరు తీసి నీడలో పెట్టి చూడండి.

‘తేమ ఉంది’ అనే హెచ్చరిక. చార్జింగ్ ఆపి, పోర్టు కిందికి వచ్చేలా పట్టుకుని అరచేతిలో మెల్లగా తట్టండి. గాలి తగిలేచోట అరగంటైనా ఉంచండి. బియ్యంలో పాతిపెట్టడం వద్దు, పిండి, నూక పోర్టులోకి వెళ్తాయి. హెయిర్ డ్రయ్యరూ వద్దు.

ల్యాప్‌టాప్ పవర్‌బ్యాంక్‌ను చార్జ్ చేస్తోంది. టైప్-సిలో కరెంటు రెండు వైపులా వెళ్లగలదు. కేబుల్ తీసి, పవర్‌బ్యాంక్ బటన్ నొక్కి మళ్లీ తగిలించండి.

పవర్‌బ్యాంక్ ఉబ్బింది. వెంటనే వాడకం ఆపండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, చార్జ్ చేయొద్దు, విమానం ఎక్కించొద్దు.

## 13. తిరిగొచ్చాక

పవర్‌బ్యాంక్‌ను పూర్తిగా నింపి గానీ, ఖాళీగా గానీ అల్మారాలో పడేయొద్దు. 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి, మూడు నెలలకోసారి చూసి అంతే స్థాయికి తెచ్చి పెట్టండి. వంటగది అరల్లో, ఎండ పడే కిటికీ దగ్గర వద్దు.

పాడైన పవర్‌బ్యాంక్, ఉబ్బిన బ్యాటరీ చెత్తబండిలో వేయొద్దు. బండిలో నలిగితే మంటలంటుకుంటాయి. లోహపు పట్టీల మీద టేపు అంటించి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో గానీ, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో గానీ ఇవ్వండి.